లెక్కకు పేర్చిన మానులు

పాపమ్మ ఒక కొబ్బరి మట్టను ఈడ్చుకుంటూ కాలువ మీది చెక్క వంతెన దాటి వచ్చేసరికి గుణవతి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. మట్టను ఆమె ముందు పడేసింది. ఏమైందో చెప్పాల్సిన పని లేదు. ఆకులు రెండు వైపులా కత్తెర పెట్టి ముక్కోణంగా కత్తిరించినట్టున్నాయి. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన ఆడదానికి ఆ కోత చూడగానే తెలిసిపోతుంది, చెట్టు మొవ్వులో కొమ్ము పురుగు దూరిందని. ఆ పురుగు ఎక్కడ పుట్టిందో కూడా గుణవతికి తెలుసు. తల తిప్పితే కనబడుతుంది.

వంతెనకు ఇవతల, ఆమె భర్త మణియం కొట్టించిన కొబ్బరి మానులు వరసలు వరసలుగా పడి ఉన్నాయి. అన్నిటి తలలూ ఒకే వైపు పెట్టి, వరసకూ వరసకూ మధ్య మనిషి నడిచే దారి వదిలి, బడిలో పిల్లల్ని నిలబెట్టినట్టు పేర్పించాడు. దీపావళి వెళ్ళగానే కొట్టించినవి. ఇప్పుడు వేలితో నొక్కితే దిగబడేంతగా మెత్తబడ్డాయి. కుళ్ళిన కొబ్బరి మానంటే కొమ్ము పురుగుకు పురిటి గది. గుడ్లు అందులోనే పెడుతుంది, పిల్లలు అందులోనే తిని బలుస్తాయి, రెక్కలు వచ్చాక మాత్రం పోయి పక్కనున్న పచ్చటి చెట్టు మీద పడతాయి. ఆ పక్కనున్న పచ్చటి చెట్లు పాపమ్మవి. పాపమ్మ మణియానికి తోడబుట్టిన అక్క.

"గుణా, మీ ఆయనతో సెప్పు. ఆ మానులు సీల్చేయమను. పురుగు ఎగరకముందే సీల్చాల. నాను అడిగినానని సెప్పు" అని, మట్టను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మలాయ్ దేశంలో, పెరాక్ రాష్ట్రం దిగువన, బగాన్ దాతో వెళ్ళే దారిలో, సముద్రపు గట్టుకు ఇవతల ఉన్న నేల అది. వీళ్ళ తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి అక్కడి కొబ్బరి ఎస్టేట్లలో పడ్డారు. ఎస్టేట్ ముక్కలై అమ్ముడైనప్పుడు మణియం నాన్న ఇంత నేల చెక్క కొని, పోయేముందు కూతురికీ కొడుక్కీ సమానంగా పంచాడు. మధ్యలో కాలువ హద్దు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళ కాయలు ఒకే లారీలో వెళ్ళేవి, ఒకే తౌకే, అంటే చైనా షావుకారు, కొనేవాడు. ఎవరి తోటలో గాలికి చెట్టు పడినా, రెండిళ్ళ వాళ్ళూ గొడ్డళ్ళు పట్టుకుని ఆ వారంలోనే మానును చీల్చి, లోపలున్న తెల్లటి పురుగుల్ని ఏరి కోళ్ళకు వేసేవాళ్ళు. అది ఎవరూ చెప్పి చేయించే పని కాదు, పొద్దున్నే ముఖం కడుక్కోవడం లాంటిది. మరి ఇప్పుడు తోట తోటంతా నేల మీద పడుకుని కుళ్ళుతుంటే మణియం ఎందుకు ఊరుకున్నాడంటే, దానికొక కథ ఉంది. ఆ కథలో ప్రభుత్వం ఉంది కాబట్టి తిన్నగా నడవదు.

మన దేశం పొరుగు దేశాలతో కలిసి ఒక వాణిజ్య కూటమిలో ఉంది. ఉన్నంత కాలం, సముద్రానికి అవతలి నుంచి కొబ్బరికాయ సుంకం లేకుండా దిగుతుంది. ఆ కాయ చవక. మన ముసలి చెట్లు కాసేది అరకొర, ధర అంతకంటే అరకొర. అందుకని ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ముసలి చెట్లు కొట్టేసిన వాళ్ళకు ఎక్కువ కాపు కాసే పొట్టి జాతి మొక్కలు, ఎరువు, కాపుకొచ్చేదాకా ఏడాదికింత సాయం. ముందు చెట్లు కొట్టాలి, ఆపైన అధికారి వచ్చి లెక్క చూసుకోవాలి, ఆ తర్వాతే మొక్కలు.

మణియం నమ్మాడు. నమ్మడమంటే మామూలుగా కాదు, గుడిలో దేవుడి ముందు కూడా అంత నమ్మకంతో నిలబడి ఉండడు. పాపమ్మ నమ్మలేదు. ప్రతిపక్షం వాళ్ళు గెలిస్తే కూటమిలోంచి బయటికి వచ్చేస్తామంటున్నారు, అవతలి కాయ ఆగితే మన కాయకు ధర వస్తుంది, అలాంటప్పుడు కాస్తున్న చెట్టును కొట్టుకోవడం ఏం తెలివి అని ఆమె వాదన. ఇద్దరూ చదువుకున్నది అంతంతమాత్రం. అయినా ఆ వాదన విన్నవాళ్ళు పార్లమెంటులో ఇంత బాగా మాట్లాడరు అనుకునేవాళ్ళు. అప్పట్లో నవ్వుకుంటూనే వాదించుకున్నారు.

అధికారి కొత్త సంవత్సరం అయ్యాక వస్తానన్నాడు. తర్వాత చైనా వాళ్ళ పండగ అయ్యాక అన్నాడు. ఈలోగా పార్లమెంటు రద్దయింది. ఆఫీసులో ఫోనెత్తిన మనిషి ఎన్నికలయ్యేదాకా ఏ పథకం కాగితమూ కదలదని ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేశాడు. కాగితం కదలదు సరే, మానులో పురుగు కదలకుండా ఉంటుందా? ఆ మాట అడిగేవాడు లేడు.

ఆ మధ్యాహ్నం మణియం ఇంటికి రాగానే గుణవతి మట్టను చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరు. అధికారి లెక్క చూడకుండా మాను మీద గొడ్డలి పడడానికి వీల్లేదన్నాడు. ముక్కలైపోయిన మానును ఎవడు లెక్కపెడతాడు, ఎన్ని చెట్లు కొట్టినట్టని ఒప్పుకుంటాడు?

అతని నాన్న ఎస్టేట్లో చెట్లు కొట్టే కూలి. కొట్టిన మానులన్నీ వరసగా పేర్చి, ఎండలో పక్కన నిలబడితే, కిరాణి, అంటే ఎస్టేట్ గుమాస్తా, గొడుగు వేసుకుని వచ్చి వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టేవాడు. వరసలో లేని మానుకు కూలి లేదు. ఒకసారి వానకు కాలువలో కొట్టుకుపోయిన మానుల కూలి ఇవ్వలేదని నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం మణియం చూశాడు. లెక్క అంటే అతనికి తెలిసింది అదే. ఎస్టేట్ పోయింది, కిరాణీ పోయాడు, మణియం సొంత నేలకు యజమాని అయ్యాడు. అయినా లెక్క మాట రాగానే మానులు వరసగా పేర్పించాడు. ఎవరూ పేర్చమనలేదు. అతనూ ఎవర్నీ అడగలేదు. ఇందులో అడగడానికి ఏముందనుకున్నాడు.

గుణవతి బతిమాలింది, కోప్పడింది, ఒక పూట వంట మానేసింది. మణియం పట్టిన పట్టు వదల్లేదు. చెట్టెక్కే మనిషి వచ్చి పాపమ్మ చెట్ల మొవ్వుల్లోంచి కొక్కెం కమ్మితో పురుగుల్ని లాగి, డబ్బాలో వేసి దించాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ డబ్బా నిండింది. మొదట కాలువ గట్టు పక్కనున్న చెట్లకే అనుకున్నది లోపలికి పాకింది. కొత్తగా విచ్చుకున్న ప్రతి ఆకూ కోతలతోనే విచ్చుకుంటోంది. పాపమ్మ ఇటు రావడం మానేసింది. మణియం అటు చూడడం మానేశాడు. పొద్దున్నే తోటలోకి వెళితే కాలువకు వీపు పెట్టి నిలబడేవాడు.

ప్రచారం జోరెక్కింది. దారి పొడవునా కొబ్బరి చెట్లకు జెండాలు కట్టారు. మార్కెట్ పక్క మైదానంలో ప్రతిపక్షం అభ్యర్థి మైకులో అరిచాడు, తాము వచ్చిన మొదటి నెలలోనే కూటమికి నమస్కారం పెట్టేస్తామని. రెండు రోజుల తర్వాత అదే మైదానంలో అధికార పక్షం అభ్యర్థి వచ్చి, కూటమి వదిలితే దేశం మునుగుతుందనీ, తాము ఉంటేనే పథకాలు ఉంటాయనీ బెదిరించాడు. గుణవతి రెండు సభలకూ వెళ్ళింది. పురుగు సంగతి ఒక్కడైనా ఎత్తుతాడేమోనని చెవులు రిక్కించి కూర్చుంది. ఇద్దరూ రైతే దేశానికి వెన్నెముక అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆమె కొట్టలేదు.

మణియానికి మాత్రం దారి ఒకటే కనిపించింది. పథకం పెట్టిన ప్రభుత్వం ఉంటేనే తన మొక్కలు వస్తాయి. జీవితంలో జెండా పట్టని మనిషి పార్టీ చొక్కా వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కాలువ అవతలి ఇంటికి తప్ప.

ఓటింగు రోజున స్కూలు ముందు రెండు పార్టీల టెంట్లూ ఎదురెదురుగా వేశారు. మణియం టెంటులో కూర్చున్నాడు. గుణవతి ఓటు వేసి, వేలికి సిరా ఆరకముందే బయటికి వస్తుంటే, ముసలివాళ్ళ వరసలో కుర్చీలో కూర్చున్న పాపమ్మ చేత్తో పిలిచింది. ఇన్ని రోజుల తర్వాత పిలుపు. గుణవతి దాదాపు పరిగెత్తింది.

పాపమ్మ గొంతు తగ్గించి అంది. "ఆడు సెప్పిన గుర్తుకే నానూ ఏస్తాను. నా కొడుకూ కోడలూ ఏస్తారు. నా కాయకి రేటు రాపోతే రాపోనీ. ఆ మానులు మాత్రం ఇయాలే సీల్చమను. పోయి అడుగు."

నోరు తెరిచి ఎవర్నీ బతిమాలని మనిషి పాపమ్మ. మొగుడు పోయినప్పుడు కూడా తమ్ముడి గుమ్మం తొక్కి సాయం అడగలేదు. అలాంటిది ఇప్పుడు ఓటు పట్టుకుని బేరానికి వచ్చింది. గుణవతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టెంటు దగ్గరికి వెళ్ళి మణియం చెవిలో చెప్పింది. అతని ముఖం విచ్చుకుంది. ఓట్ల మాట వరకే విన్నాడు కాబోలు.

"సరే అన్నానని సెప్పు" అన్నాడు.

"సీల్చుతావా మరి?"

"సరే అనమన్నాను గదా. ముందు ఓటు పడనీ."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో గుణవతి ఆ గొంతు ఎన్నిసార్లు వినలేదు! దుకాణం వాడికి రేపు ఇస్తానని చెప్పే గొంతు అది. ఆమె మళ్ళీ స్కూలు ఆవరణ దాటి పాపమ్మ దగ్గరికి నడిచింది. ఒక్క మాట అబద్ధం చెబితే మూడు ఓట్లు మొగుడి వైపు పడతాయి. ఆ మూడు ఓట్లతోనే మొక్కలు వస్తాయేమో ఎవరికి తెలుసు? నిజం చెబితే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మిగిలిన ఆ కాస్త దారీ తెగుతుంది.

"సరే అనమన్నాడు వదినా" అంది. ఆపుకోలేక మళ్ళీ అంది, "కానీ సీల్చడు."

పాపమ్మ కర్ర ఊతంగా లేచి, తన వంతు రాగానే లోపలికి వెళ్ళింది. ఎవరికి వేసిందో గుణవతి అడగలేదు.

ఇంటికి వచ్చి చీర మార్చకుండానే గొడ్డలీ బకెట్టూ తీసుకుని తోటలోకి వెళ్ళింది. మొదటి వరసలో మొదటి మాను మీద వేటు వేస్తే మెత్తగా దిగింది. చీల్చి విప్పేసరికి లోపల బొటనవేలంత లావున తెల్లటి పురుగులు, చుట్టలు చుట్టుకుని, ఒకదాని మీద ఒకటి. చేత్తోనే తీసి బకెట్లో వేసింది. రెండో మాను చీల్చింది. మూడోది సగంలో ఉండగా మోటార్ సైకిల్ చప్పుడు వినిపించింది. ఎవరు కబురు చెప్పారో, మణియం పార్టీ చొక్కాతోనే పరిగెత్తుకుని వచ్చి గొడ్డలి పట్టుకున్నాడు.

కొడతాడనుకుంది. కొట్టలేదు. తిట్టనూ లేదు. గొడ్డలి కర్రను ఆమె ఒక వైపు, అతనొక వైపు పట్టుకుని ఉన్నారు.

"గుణా, మనకి సెట్లు లేవు. మొక్కలు రాలేదు. ఉన్నవి ఈ మానులే. ఇవి కూడా పోతే మనం సెట్లు కొట్టినామని ఎవుడు నమ్ముతాడు? ఏటి తింటాం?"

అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆ భయం ఆమెదీను. అతను ఊళ్ళో ఉద్యోగం చేసే మనిషి కాదు, వయసులో ఉన్నవాడూ కాదు. కాస్తున్న చెట్లను కొట్టేసి, గాలి వాటానికి మారే ఒక మాటను నమ్ముకుని కూర్చున్నారు ఇద్దరూ. ఆమె గొడ్డలి వదిలేసింది. మణియం చీల్చిన మానుల ముక్కల్ని ఏరి, దబ్బకు దబ్బ కలిపి, మళ్ళీ మానులా కనబడేటట్టు వరసలో సర్దాడు. అది చూస్తూ నిలబడలేక గుణవతి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఎన్నికల్లో ప్రతిపక్షం గెలిచింది. చెప్పినట్టే కూటమిలోంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. పూర్తిగా బయటపడడానికి ఇంకా చాలా కాలం పడుతుందన్నారు గానీ, అవతలి కాయ మీద సుంకం వెంటనే వేశారు. ఓడలు తగ్గాయి. కొబ్బరి ధర లేచింది. ఒకసారి లేచాక ఆగలేదు, పాపమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని ధర పలికింది. తౌకే మనుషులు గుమ్మాల ముందుకు వచ్చి బయానా ఇస్తామన్నారు. దారి పొడవునా తోటలున్న వాళ్ళు కొత్త మోటార్ సైకిళ్ళు కొన్నారు, గుడికి రంగులు వేయించారు. అక్క చెప్పిందే జరిగింది. అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

పాపమ్మ తోట ముందు మాత్రం లారీ ఆగలేదు. అప్పటికి ఆమె చెట్లలో సగం మొవ్వు వాలిపోయి నిలబడ్డాయి. పురుగు తొలిచిన కంతల్లోకి వాన నీరు దిగి మొవ్వు కుళ్ళింది. మిగిలిన చెట్లకు పిందె నిలవడం లేదు. గాలి వీస్తే ఎండు మట్టలు దబ్బున రాలేవి, ఆ చప్పుడు కాలువ దాటి వినబడేది. అలా విన్నప్పుడల్లా మణియం అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయేది. పథకం సంగతి కొత్త ప్రభుత్వం పరిశీలిస్తోందట. అతను ఆ మాట పట్టుకుని వేలాడాడు. వచ్చేవాళ్ళు కొత్తవాళ్ళు, మన మాట నమ్మరు, కళ్ళకు చూపించాలి అని, మానుల మధ్య గడ్డి మరింత శ్రద్ధగా కోసేవాడు.

చివరికి ఒక ఉదయం ప్రభుత్వపు జీపు వచ్చింది. బూట్లు వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక చిన్న వయసు మలాయ్ అమ్మాయి దిగింది, చేతిలో ఎర్ర రంగు డబ్బా. మణియం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్ళాడు. వరసల వైపు దారి చూపించాడు. ఆ అమ్మాయి వాటిని తప్పించుకుని, పక్కన నేలలో మిగిలిన మొదళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక్కో మొదలు మీద ఒక్కో ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టింది. మణియం వెనకాలే నడుస్తూ, లెక్క ఇక్కడుందమ్మా అని మలాయ్‌లో రెండుసార్లు చెప్పాడు.

ఆమె ఆగి, మానుల వైపు మొదటిసారి సరిగా చూసింది. ఇవింకా ఎందుకున్నాయి అంకుల్ అని ఆశ్చర్యంగా అడిగింది. తాము లెక్కపెట్టేది మొదళ్ళనే. మానుల్ని కొట్టిన వారంలోనే ముక్కలు చేసేయాలి కదా, లేకపోతే పురుగు పడుతుంది కదా, మీకు ఎవరు ఉంచమన్నారు? ఆ పిల్ల గొంతులో దురుసు లేదు. నిజంగానే తెలియక అడిగింది. అందుకే ఆ ప్రశ్న మరీ భరించలేకుండా ఉంది.

జీపు చూసి తన చెట్ల సంగతి అడుగుదామని వంతెన దాటి వచ్చిన పాపమ్మ అప్పటికే వాళ్ళ వెనక నిలబడి ఉంది. అంతా విన్నది. గుణవతి అటు చూడలేక తల దించుకుంది.

పాపమ్మ అధికారితోనే మాట్లాడింది. తన తోట చూపించి, చచ్చిన చెట్లకు పథకం వర్తిస్తుందా అని అడిగింది. ఆ అమ్మాయి ఇబ్బంది పడుతూ చెప్పింది. దిగుమతి తగ్గింది కాబట్టి ఇప్పుడు దేశానికి ప్రతి కాయా కావాలి, చెట్లు కొట్టడానికి ఇక డబ్బు ఇవ్వరు. పాత దరఖాస్తులు మాత్రం పూర్తి చేస్తున్నారు. పురుగు పట్టి పోయిన వాటికి ప్రస్తుతానికి ఏమీ లేదు, వచ్చే బడ్జెట్లో చూడాలి ఆంటీ. అంకుల్‌కు మాత్రం మొక్కలు వచ్చే నెలలోనే దిగుతాయి.

జీపు వెళ్ళిపోయింది. మణియం అక్క వైపు తిరిగి, "అప్పా" అన్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పాపమ్మ ఓదార్చలేదు. వంటింటి గోడకు ఆనించి ఉన్న గొడ్డలి తెచ్చుకుంది.

"వొచ్చే నెల మొక్కలొస్తాయంట గదా. ఇవి ఇలాగే ఉంటే ఆ లేత మొక్కల్ని పురుగు నెల తిరక్కుండా తినేస్తాది. లెగు. బకెట్టు తే గుణా."

వయసు మీద పడిన చేతులు, అయినా మొదటి వేటు తనే వేసింది. గుణవతి బకెట్ తెచ్చి పక్కన కూర్చుని పురుగుల్ని ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి మణియం మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, చీలిన మానును రెండు చేతులతో విప్పి పట్టుకున్నాడు. తలెత్తకుండానే, వచ్చే మొక్కల్లో సగం నీ తోటలో నాటుతాను, నీళ్ళు కూడా నేనే పోస్తాను అన్నాడు.

పాపమ్మ గొడ్డలి ఆపలేదు.

"నాకు మొక్కలొద్దు తమ్మీ. నాకు నా సెట్లు కావాలి" అని, పక్క మానుకు జరిగింది.